నేత్రాణి స్కూబా డైవింగ్‌కు ముందుగా డబ్బు కట్టబోతున్నవారికి హెచ్చరిక

మొన్న ఆదివారం కర్ణాటక తీరంలోని మురుడేశ్వర్ నుంచి నేత్రాణి దీవికి స్కూబా డైవింగ్‌కు, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగడానికి, వెళ్లి, కుడి చెవి దెబ్బతిని తిరిగివచ్చాను. నీలి నీటి అడుగున రంగుల చేపలు తిరుగుతున్న వీడియోలు, వాటి కింద తెలుగులో ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. అటువంటి నిర్వాహకులలో ఒకరికి నేనూ నా భార్యా మనిషికి 4,500 రూపాయల చొప్పున ముందే చెల్లించాము.

తీరం నుంచి దీవి దాదాపు 19 కిలోమీటర్లు. పడవ బయలుదేరాక ఆరోగ్య వివరాల పత్రం చేతికిచ్చి, అన్ని ప్రశ్నలకూ ‘లేదు’ అని రాసి సంతకం పెట్టమన్నారు. రెండు రోజులుగా జలుబుగా ఉందని చెబితే, ఉప్పునీరు తగిలితే తగ్గిపోతుందన్నారు. చదువుకున్నవాడినై ఉండి ఆ మాట నమ్మి సంతకం పెట్టాను; ఆ తప్పు నాదే. అయితే జలుబు చేసినప్పుడు ముక్కుకూ చెవికీ మధ్యనున్న నాళం వాచి మూసుకుపోతుందని, ఆ స్థితిలో నీటిలోకి దిగకూడదని ఆ వృత్తిలో ఉన్నవారికి తెలియకుండా ఉండదు.

పది మీటర్ల లోతుకు చేరేసరికి ఒంటిమీద ఒత్తిడి రెట్టింపవుతుంది కనుక, ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవుల్లోని ఒత్తిడిని సర్దుకుంటూ, ఆగి ఆగి దిగాలి. మూడు మీటర్లయినా దిగకముందే నా చెవిలో సూదితో పొడిచినట్టయింది. ఒడ్డున నేర్పినట్టే అరచేతిని అటూ ఇటూ ఊపి, చెవి చూపించి, బొటనవేలు పైకెత్తాను. నీటి అడుగున ఆ సంజ్ఞకు ‘బాగుంది’ అని కాదు, ‘పైకి వెళ్దాం’ అని అర్థం. శిక్షకుడు నా కళ్లలోకి చూశాడు. చూసి, తల అడ్డంగా ఊపి, వీపుమీది సిలిండర్ పట్టుకుని నన్ను ఇంకా కిందికి తోశాడు. అతను గమనించలేదని అనుకోగలిగితే నాకు ఇంత కోపం ఉండేది కాదు. పడవలో తరువాతి జట్టు ఎదురుచూస్తోంది, నా ఫోటో ఇంకా తీయలేదు, అంతే కారణం. నోట్లో గొట్టం ఉండగా అరిచే వీలు లేదు. ఊపిరి బిగబట్టకూడదన్న ఒక్క మాట గుర్తుంచుకుని, చెవిలో ఏదో తెగినట్టయినా శ్వాస తీస్తూనే ఉన్నాను.

అడుగుకు చేరాక నా చేతిని పట్టుకుని పగడపు దిబ్బమీద ఆనించి ఫోటో తీయించాడు. పగడాలు రాళ్లు కావు, ప్రాణులు. బండల్లా పెరిగే రకాలు ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూగా మాత్రమే పెరుగుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ కల్పించింది. ఎన్నాళ్లుగానో చూడాలని కలలుగన్న ఆ జీవులమీదే నా చేత చెయ్యి వేయించడం నన్ను చెవినొప్పికంటే ఎక్కువ బాధిస్తోంది.

పైకి వచ్చి నొప్పి సంగతి చెబితే, “మొదటిసారి వచ్చినవాళ్లందరూ ఇలాగే భయపడతారు, ఫోటోలు బాగా వచ్చాయి కదా” అన్నాడు. డబ్బు వాపసు మాట ఎత్తగానే నేను సంతకం పెట్టిన ఆ పత్రాన్నే చూపించారు. కర్ణభేరి వెనుక రక్తం చేరిందని, తాను చెప్పేవరకు చెవిలోకి నీరు పోనివ్వవద్దని, విమానం ఎక్కవద్దని హైదరాబాద్‌లో డాక్టరు చెప్పారు.

వెళ్లదలచినవారు ఆరోగ్య పత్రాన్ని డబ్బు కట్టకముందే తెప్పించుకుని చదవండి. ఒక్క శిక్షకుడు ఎంతమందిని దించుతాడో అడగండి. జలుబు ఉంటే, కట్టిన డబ్బు పోయినా సరే, దిగకండి.