96 మోడల్ మారుతి 800లో బ్లోయర్ మోటరు: తొమ్మిదేళ్లు వాడాక

మా నాన్న కొన్న మారుతి 800 ఏసీ బండి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. యాభై ఏళ్లు నిండితే గాని ప్రభుత్వం వింటేజ్ అని రాసివ్వదు కాబట్టి, కాగితాల మీద మాది ఉత్త పాత బండి. గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించి నల్లగొండలో రోజూ నడుపుతున్నా. 2016 నుంచి ఇప్పటిదాకా దాని డ్యాష్‌బోర్డు కింద మూడు మోటర్లు తిరిగాయి. కంపెనీ నుంచి బండితో వచ్చినది, కొత్తగా కొన్న డూప్లికేట్, తుక్కులో దొరికినది. మూడింటి సంగతీ రాస్తున్నా.

ముందు ఒక మాట. మన ఎండలకు హీటర్ ఎందుకని చాలామంది నవ్వుతారు. ఒక మెకానిక్ అయితే "హీటర్ పైపులు బైపాస్ చేసేద్దాం సార్, లీకుల బాధ ఉండదు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏసీకైనా హీటర్‌కైనా గాలి కొట్టేది ఆ ఒక్క బ్లోయరే. అది ఆగితే రెండూ ఆగినట్టే.

అది తెలిసొచ్చింది 2016 ఆగస్టులో, శ్రీశైలం వెళ్తుంటే. దేవరకొండ, డిండి దాటేదాకా చినుకులే. మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక కుండపోత. లోపల ఐదుగురం, అద్దాలన్నీ మూసి ఉన్నాయి. ముందు అద్దం మీద ఆవిరి కమ్మేసింది. బ్లోయర్ స్విచ్ తిప్పితే చప్పుడే లేదు. మా ఆవిడ టవల్‌తో తుడుస్తూ ఉంటే, ఆ తుడిచినంత మేరలో రోడ్డు చూసుకుంటూ దోమలపెంట దాకా పోయాం. ఘాట్ మలుపుల్లో నాకు పట్టిన టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

ఇంటికొచ్చాక గ్లవ్ బాక్స్ విప్పించి మోటరు దింపించా. మోటరు కన్నా ముందు దాని పంకాలోంచి రాలిన చెత్త చూసి ఆశ్చర్యపోయా. గుప్పెడు ఎండిన వేపాకులు, వేపపూత, పల్లికాయ పొట్టు. బండి వేపచెట్టు కింద నిలబెడతాం కదా, అద్దం కింది జాలీలోంచి ఆకులు లోపలికి జారతాయి. పల్లీల పని ఎలుకది.

మన ఊళ్లో బోరు మోటర్లు చుట్టే వైండింగ్ షాపులకు కొదవ లేదు. ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే చేతిలో తిప్పి చూసి, "వైండింగ్ మంచిగనే ఉంది సార్. కార్బన్లు అరిగినయ్, అంతే" అన్నాడు. రెండు పట్టీలు తీసి ఆర్మేచర్, అంటే లోపల తిరిగే చుట్ట, బయటికి లాగి చూపించాడు. తిరిగే చుట్టకు కరెంటు అందించే ఈ కార్బన్ ముక్కలు గోరంత కూడా మిగల్లేదు, స్ప్రింగు చివర అవి ఆనే రాగి గుండ్రాన్ని, అంటే కమ్యుటేటర్‌ను గీరుతోంది. రాగి రేకుల మధ్య సందుల్లో నల్లటి పొడి గట్టిగా కూరుకుపోయి ఉంది. హ్యాక్సా బ్లేడు ముక్కతో ఒక్కో సందూ గీసి శుభ్రం చేశాడు. కొత్త కార్బన్లు పెట్టే ముందు కమ్యుటేటర్‌కు సన్న గరుకు కాగితం చుట్టి, కార్బన్ల మొహాన్ని ఆ గుండ్రానికి సరిపోయేలా అరగదీశాడు. ఈ పని చేయకపోతే కొత్త కార్బన్ అంచు మీదే ఆనుతుంది, నిప్పురవ్వలు ఎక్కువై తొందరగా పోతుంది. అంతా కలిపి నాలుగు వందలు.

బండికి బిగించాక గాలి చాలా పల్చగా వచ్చింది. ఖర్చంతా దండగ అనుకున్నా. తీరా చూస్తే రెండు వైర్లు తారుమారు అయ్యాయి, మోటరు వెనక్కి తిరుగుతోంది. ఇందులో ఉండేది ఉడుత పంజరం లాంటి గుండ్రటి పంకా. ఇది వెనక్కి తిరిగినా గాలిని ముందుకే తోస్తుంది, కాకపోతే బలం ఉండదు. అందుకే గాలి వస్తోంది కదా అని వైర్ల మీద అనుమానం రాదు. వైర్లు మార్చగానే డ్యాష్‌బోర్డు మీది కాగితాలు ఎగిరాయి.

ఆ రిపేరు రెండున్నరేళ్లు పనిచేసింది. 2019 మొదట్లో కీచుమని అరుపు మొదలైంది. ఈసారి వేరే మెకానిక్ దగ్గరికి వెళ్లా. ఆయన విప్పకుండానే "కొత్తది వేసుకోండి" అని పదకొండు వందలకు ఒక డూప్లికేట్ వేశాడు. పాతది పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నా, ఆ ఒక్క పనీ తెలివిగా చేశా. డూప్లికేట్ మొదటి నెల బాగానే ఉంది. ఆ తర్వాత ఫుల్ స్పీడ్‌లో డ్యాష్‌బోర్డంతా వణికేది. పంకా బ్యాలెన్స్ సరిగా లేదు. ఎనిమిదో నెలలో వరసగా ఫ్యూజులు కొట్టేయడం మొదలైంది. అదే షాపులో ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి పంపారు. వారానికి కనెక్టర్ కరిగి కాలిన వాసన వచ్చింది. ఇలా ఫ్యూజులు పోతున్నాయంటే మోటరు ఎక్కడో పట్టేస్తుండొచ్చు. అక్కడ తీగ పెడితే ఆ వేడి వైరింగ్‌కు ఎక్కుతుంది. బండి అంటుకోలేదు, అదే పదివేలు.

అప్పుడే హైదరాబాద్ వెళ్తూ విజయవాడ రోడ్డు మీది ఆటోనగర్‌లో దిగి, తుక్కు బండి నుంచి తీసిన ఒరిజినల్ మోటరు ఐదు వందలకు కొన్నా. కొనేముందు బ్యాటరీకి తగిలించి తిప్పి చూపించమన్నా. ఇంకో పరీక్ష కూడా ఉంది. షాఫ్టు కొస పట్టుకుని పక్కలకు ఊపాలి, ఆడితే షాఫ్టును పట్టి ఉంచే లోహపు గొట్టం, అంటే బుష్షు అరిగినట్టే. ఇది కొంచెం ఆడింది. అయినా తెచ్చా, పాతది బాగయ్యేదాకా నడిస్తే చాలనుకున్నా. నడిచింది.

లాక్‌డౌన్‌లో తీరిక దొరికింది. దాచిపెట్టిన పాత మోటరు తీసి మళ్లీ ఆ పెద్దాయనకే ఇచ్చా. అరుపుకు కారణం కార్బన్లు కాదు, బుష్షు. 2016లో దాన్ని ముట్టుకోలేదు. ఈ మోటర్లలో బేరింగులు ఉండవు, సన్న రంధ్రాలున్న కంచు బుష్షులు ఉంటాయి. ఆ రంధ్రాలు నూనె పీల్చుకుని ఉంటాయి. అందులో గ్రీజు పూస్తే రంధ్రాలు మూసుకుపోతాయట. ఆయన షాఫ్టు మందం కొలిచి సరిపోయే బుష్షు వెతికి, సన్న ఆయిల్‌లో రాత్రంతా నానబెట్టి కొట్టాడు. కార్బన్లూ మార్చాడు. ఆరు వందలు తీసుకున్నాడు. ఐదేళ్లు దాటింది, మళ్లీ విప్పలేదు.

ఇంత కాలం ఆడటానికి వైరింగ్ సర్దడం కూడా కారణమే అని నా నమ్మకం. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర పద్నాలుగు వోల్టులు ఉంటే, మోటరు దగ్గర మీటర్ పదిన్నరే చూపించింది. ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పు గీకి, ఫుల్ స్పీడ్‌కు స్విచ్ మీద భారం పడకుండా కరెంటు నేరుగా మోటరుకు పంపే రిలే ఒకటి పెట్టించా. ఇప్పుడు పదమూడు దాకా అందుతోంది. పాత స్విచ్ కూడా వేడెక్కడం లేదు.

మధ్యలో ఒకసారి తక్కువ స్పీడ్‌లు పోయి ఫుల్ ఒక్కటే మిగిలింది. ఇలా అయితే మోటరు జోలికి వెళ్లకండి, పోయింది కరెంటు తగ్గించి స్పీడ్ తగ్గించే రెసిస్టర్. ఫుల్ స్పీడ్‌లో కరెంటు దాన్ని తప్పించుకుని నేరుగా మోటరుకు వెళ్తుంది కాబట్టి ఆ ఒక్కటే పనిచేస్తుంది.

హీటర్ వద్దన్న ఆ మెకానిక్‌కు ఈ ముక్క చెప్పాలని ఎప్పుడూ అనుకుంటా. పోయిన ఏడాది మే నెలలో మిర్యాలగూడ నుంచి వస్తుంటే రేడియేటర్ ఫ్యాన్ ఆగిపోయింది, టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కింది. ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్‌గా పెట్టి బ్లోయర్ ఆఖరి స్పీడ్‌లో వేశా. ఇంజన్ వేడి నీళ్లు హీటర్ గుండా తిరుగుతాయి కదా, బ్లోయర్ ఆ వేడిని లాగి బయటికి కొడుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు మొహం మీద నిప్పుల గాలి. చొక్కా తడిసి ముద్దయింది గానీ ముల్లు కిందికి దిగింది, మెల్లగా ఇల్లు చేరా. రేడియేటర్‌లో నీళ్లు ఉంటేనే ఈ కిటుకు పనిచేస్తుంది. నీళ్లు కారిపోతుంటే మాత్రం బండి ఆపేయాల్సిందే.

కొనేవాళ్లు అడిగితే నా లెక్క ఇది. పాత ఒరిజినల్ మీ చేతిలో ఉంటే బుష్షు, కార్బన్లు కలిపి ఒకేసారి చేయించండి. ఆర్మేచరే కాలిపోయి ఉంటే తుక్కులో ఒరిజినల్ వెతకండి. నేను కొన్న డూప్లికేట్‌కు ఐదుకు ఒక మార్కు ఇస్తా, అదీ స్క్రూలు సరిగ్గా కూర్చున్నందుకు.

జాలీ మీద లోపలి వైపు దోమతెర ముక్క అంటించా, ఆకులు ఆగాయి. ఎలుక ఆగలేదు. మొన్న బ్లోయర్ వేస్తే మళ్లీ పల్లీ పొట్టు ఎగిరొచ్చి నా ఒళ్లో పడింది.