టెలీ మానస్ 14416: మాత్రల మీద అమ్మకున్న భయం తీర్చిన ఫోన్

ఇంట్లో ఎవరైనా డిప్రెషన్‌కు మందులు వాడుతుంటే ఈ నెంబరు సేవ్ చేసి పెట్టుకోండి. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సర్వీసు ఇది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మా తమ్ముడికి డాక్టర్ డిప్రెషన్‌కు ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర రాశారు. గుణం కనపడడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు, అలాగే మెల్లగా నిద్ర కుదుటపడింది, నలుగురితో కూర్చుని అన్నం తింటున్నాడు. ఈలోపు మందుల షాపతను "ఇవి మొదలుపెడితే ఇక మానలేరమ్మా" అన్నాడు. అంతే, అమ్మ మాత్రలు ఆపించేసింది. తర్వాత తమ్ముడికి కళ్ళు తిరగడం, తల ఇటు తిప్పితే లోపల కరెంట్ కొట్టినట్టు జివ్వుమనడం, ఊరికే చిరాకు. "చూసినవా, అలవాటైపోయింది" అని అమ్మ ఒకటే ఏడుపు.

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. మాది నిజామాబాద్ వైపు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు చేతులు వణుకుతూ, ఫిట్స్ వచ్చి, పొంతన లేకుండా మాట్లాడే మనుషులను ఆస్పత్రులకు తీసుకుపోవడం ఆమె కళ్ళారా చూసింది. వాళ్ళలో మా మేనమామ ఒకడు.

14416కు చేసి, ఫోన్ స్పీకర్లో పెట్టి అమ్మనే మాట్లాడమన్నాను. అవతలి కౌన్సెలర్ తొందరపడలేదు, మా మేనమామ సంగతి అమ్మ చెప్తే విని, కల్లు దొరక్కపోతే మీ తమ్ముడు ఏం చేసేవాడమ్మా అని అడిగింది. ఇంట్లో బిందెలు అమ్మింది, పిల్లల ఫీజు డబ్బు తీసుకుపోయింది, రోజురోజుకూ ఇంకో సీసా కావాలన్నది అంతా అమ్మ చెప్పింది. "మీ బాబు ఈ మాత్ర కోసం అట్లా చేశాడా? ఒకటి ఎక్కువ కావాలని అడిగాడా?" "ఎక్కడిది బిడ్డా, నేను యాది చేస్తే గాని వేసుకోడు!"

అప్పుడు విడమర్చి చెప్పింది. ఈ మాత్ర మత్తు ఇవ్వదు, దాని కోసం మనసు పీకదు. కానీ మెదడు దానికి సర్దుకుని ఉంటుంది కాబట్టి ఉన్నట్టుండి ఆపితే ఇలాంటి ఇబ్బందులు వస్తాయి, అది వ్యసనం కాదు, మానాల్సినప్పుడు డాక్టరే మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

నాకు ఎక్కువ నచ్చింది ఏమిటంటే అన్ని మాత్రలూ ఒకటే అని సర్ది చెప్పలేదు. నిద్రకు, టెన్షన్‌కు రాసే ఆల్ప్రజోలం లాంటివి ఎక్కువ కాలం వాడితే డాక్టర్ రాసినవైనా అలవాటు పడే ప్రమాదం ఉంది, అందుకే తక్కువ రోజులకే రాస్తారు, సొంతంగా కొని పొడిగించకూడదు అని గట్టిగా చెప్పింది. కల్తీ కల్లులో కలుపుతున్నది కూడా ఆ ఆల్ప్రజోలం, డైజిపాం లాంటివే. అమ్మ చూసిన ఘోరం నిజమే, కానీ అది తమ్ముడి చేతిలో ఉన్న మందు కాదు.

ఫోన్‌లోనే వైద్యం అంతా అయిపోతుందని మాత్రం అనుకోవద్దు. మాకు కూడా వెంటనే రాసిన డాక్టర్ దగ్గరికే వెళ్ళమన్నారు, వెళ్ళాం, ఆయన మళ్ళీ మొదలుపెట్టించారు. షాపులో వాళ్ళ మాట విని మందు ఆపే ముందు ఒక్కసారి ఇక్కడ అడగండి. 14416 కలవకపోతే 1800 891 4416 కూడా ఉంది. డాక్టర్ రాసిచ్చిన చీటీ, మాత్రల స్ట్రిప్ పక్కన పెట్టుకుని చేస్తే పేరు, మోతాదు చదివి చెప్పడానికి వీలుగా ఉంటుంది.