సేనాపతి తరువాతి స్థానం: రోమ్ పద్ధతి, ప్రష్యా పద్ధతి

రోమన్ గణతంత్రంలో ఆపత్కాలంలో నియమితుడైన డిక్టేటర్ సాధారణంగా తన అశ్వదళాధిపతిని తానే ఎంచుకునేవాడు. డిక్టేటర్ తప్పుకున్న నాడే, అంటే మామూలుగా ఆరు నెలల లోపే, ఈ ఉపసేనాని పదవీ ముగిసేది. పందొమ్మిదో శతాబ్దపు ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో స్టాఫ్ అధిపతికి సొంత దళమే ఉండదు. పథకం రచించడం, ఆజ్ఞలు సిద్ధం చేయడం, సేనాపతికి సలహా ఇవ్వడం అతని పని.

రోమ్ పద్ధతిలోని లోపం క్రీ.పూ. 217లో బయటపడింది. రోమ్‌పై దండెత్తిన కార్తేజ్ సేనాని హానిబాల్‌తో నేరుగా తలపడకుండా కాలయాపన చేస్తున్న డిక్టేటర్ ఫాబియస్‌ను అశ్వదళాధిపతి మినుకియస్ బాహాటంగా తప్పుపట్టగా, ప్రజాసభ ఇద్దరికీ సమానాధికారం కట్టబెట్టింది. సైన్యాన్ని పంచుకుని విడిగా నిలిచిన మినుకియస్ హానిబాల్ పన్నిన ఉచ్చులో పడ్డాడు, చివరికి ఫాబియసే వచ్చి కాపాడవలసి వచ్చింది. సొంత దళమూ కీర్తికాంక్షా ఉన్న ఉపసేనాని పోటీదారుగా మారడంలో వింతేమీ లేదు.

ప్రష్యా పద్ధతికి వస్తే, 1815 జూన్ 16న నెపోలియన్‌తో జరిగిన లీన్యీ యుద్ధంలో గుర్రం కూలి ప్రష్యన్ సేనాపతి బ్లూషర్ కనబడకుండా పోయినప్పుడు, స్టాఫ్ అధిపతి గ్నైజనౌ (మిత్రపక్షపు బ్రిటిష్ సేనాపతి వెల్లింగ్టన్‌పై అతనికి నమ్మకం తక్కువే) సైన్యాన్ని స్వదేశం దిశగా రైన్ నది వైపు కాక, వెల్లింగ్టన్‌కు అందుబాటులో ఉండేలా ఉత్తరాన వావ్ర్ పట్టణం వైపు మళ్లించాడు. అందువల్లనే రెండు రోజుల తరువాత ప్రష్యన్లు నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధరంగం చేరగలిగారు. సేనాపతి లేని వేళ పనికివచ్చేది ఈ పద్ధతే. అయితే మొదటి ప్రపంచ యుద్ధంలో 1916 తరువాత జర్మన్ సేనాధిపతి హిండెన్‌బర్గ్ నీడలో అతని సహాయకుడు లూడెన్‌డార్ఫ్ చెలాయించిన అధికారం చూస్తే, ఇందులోనూ ప్రమాదం లేకపోలేదు.