సొరంగంలో నాలుగు నిమిషాలు, కాలవ గట్టున రెండు గంటలు

"సముద్రమే మీ కర్నూలుకొచ్చింది" అంటూ మైకు కట్టుకున్న ఆటో మా వీధిలో రెండుసార్లు తిరిగింది. పాపకు ఐదేళ్ళు, చిన్నోడికి మూడు. ఇద్దరికీ ఆ పూట అన్నం ముద్ద దిగలేదు. దసరా సెలవులు, మా ఆయనకు మూడు రోజులు లీవు దొరికింది. మహానందికి పోదామని మా అత్త ఏడాదిగా అడుగుతూనే ఉంది. సరే, మొదటిరోజు ఎగ్జిబిషన్‌లో చేపల సొరంగం (గాజు దారిలో మనం నడుస్తుంటే చేపలు తల మీదుగా ఈదేది), రెండోరోజు ఓర్వకల్లు మీదుగా నంద్యాల, మూడోరోజు మహానంది అనుకున్నాం. చేపలతో మొదలవుతోంది కదా, దారి పొడుగునా చేపల ఆటలే ఆడిద్దామని నేనొక సంచి సర్దుకున్నా. అందులో పాత క్యాలెండర్ అట్టతో కత్తిరించిన ఇరవై చేపలు, ఒక్కోదాని మూతికి ఒక జెమ్ క్లిప్పు, గాలానికి వెదురుపుల్ల, దారం, దారం కొసన ఫ్రిజ్ బొమ్మ వెనక నుంచి ఊడదీసిన అయస్కాంతం. ఇవి కాక రెండు చిన్న ప్లాస్టిక్ సీసాలు. "బట్టలు పెట్టుకున్నావా అసలు?" అని అత్త సణిగింది.

సొరంగం సంగతి ముందు చెప్పేస్తా. టికెట్టు మనిషికి 100, చిన్నోడికి కూడా. ఆదివారం సాయంత్రం పోవడం మా తప్పే. ముప్పావు గంట లైన్లో నిలబడితే లోపల ఉన్నది నాలుగు నిమిషాలు. ఎర్రలైటు, నీలంలైటు, పాటల హోరు, అందరి చేతుల్లో ఫోన్లు. తల మీదుగా పెద్ద చేప ఒకటి పోయేసరికి చిన్నోడు నా మెడ వాటేసుకుని కళ్ళు మూసుకున్నాడు, బయటికొచ్చేదాకా తెరవలేదు. ఏ చేప పేరేంటో రాసిన బోర్డు ఒక్కటీ కనబడలేదు. "చేప నిద్రపోతే కళ్ళెట్లా మూసుకుంటుంది?" అని పాప అడిగింది. నిజానికి ఆ సాయంత్రం అంతటికీ విలువైన ప్రశ్న అదే. చేపకు రెప్పలుండవని, కళ్ళు తెరుచుకునే నిద్రపోతుందని చెప్పేలోపే వెనకనుంచి "జరగండి, జరగండి" అని తోసేశారు.

మా అత్త మాత్రం నింపాదిగా పైకి చూసి, "2009లో తుంగభద్ర మనింట్లోకొచ్చినప్పుడు టికెట్టు లేకుండానే చూసినా ఇవన్నీ" అంది. ఆ అక్టోబరు వరద చూసిన కర్నూలోళ్ళకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. వంటింటి అలమరలో బతికున్న జెల్ల దొరికిందని ఆమె ఇప్పటికీ చెబుతుంది. పిల్లలకు సొరంగం కన్నా ఆ అలమరే ఎక్కువ నచ్చింది. "జేజీ, చేప అలమరలో ఏం చేస్తాంది?" అని దారంతా అడుగుతూనే ఉన్నారు.

అన్యాయంగా మాట్లాడకూడదు, ఒక మేలు జరిగింది. బయటికొచ్చే దారిలో చిన్న తొట్లున్నాయి, అక్కడ రద్దీ లేదు. అద్దాలు తుడిచే కుర్రాడు చిన్నోడిని ఎత్తుకుని, గాజుకు నోరు అంటించుకుని ఉన్న సక్కర్ ఫిష్‌ను చూపించాడు. పాచి తిని బతుకుతుంది, దాని మూతి కిందివైపు ఉంటుంది అని చెప్పాడు. వచ్చీరాని తెలుగులో ఆ పిల్లాడు చెప్పిందే మావాడికి బుర్రకెక్కింది. ఆ రాత్రి అద్దం బీరువాకు మూతి పెట్టి అరగంట నిలబడ్డాడు. ఆ పక్కనే కాళ్ళు పెడితే చేపలు కొరికే ఫిష్ స్పా ఉంది. నేను వద్దన్నా. ఒకే తొట్టిలో ఊరందరి పాదాలు, ఎవరి కాలికి ఏ పుండుందో!

మీరు పోయేటట్టయితే వారం మధ్యలో, తెరిచీ తెరవగానే పోండి. చిన్న తొట్ల దగ్గర ఎక్కువసేపుండండి. సొరంగం చివర్లో చూపించండి, ముందు కాదు.

మర్నాడు పొద్దున్నే ఉగ్గాని, బజ్జి తిని బండెక్కాం. కర్నూలు నుంచి ఇరవై చిల్లర కిలోమీటర్లలో ఓర్వకల్లు రాతివనాలు. రాళ్ళ మధ్య నీటిమడుగు, పడవ, టూరిజం వాళ్ళ హోటలు, కూర్చోవడానికి చోటు అన్నీ బాగున్నాయి. కానీ పది దాటితే రాయి పెనంలా కాలుతుంది, చిన్నపిల్లలతో నడవలేం. ఏ రాయి చేపలా ఉంది, ఏది తాబేలులా ఉంది అని వెతికే ఆట ఒక గంట నడిచింది. పాప ఒక బండకు 'తిమింగలం' అని పేరు పెట్టింది. తిమింగలం చేప కాదు, పాలిచ్చే జంతువు అని నేను పాఠం ఎత్తుకోబోతే మా ఆయన నీళ్ళ సీసా నా చేతికిచ్చి ఆపాడు. గంటన్నర చాలు ఇక్కడ.

నంద్యాల 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది గానీ మాకింకా కర్నూలే అనిపిస్తుంది. బస్టాండుకు దగ్గర్లో లాడ్జీ తీసుకున్నాం, పేరెందుకు. నాన్ ఏసీ రూము 1,200. దుప్పట్లు శుభ్రం. వేడినీళ్ళు ఆరు నుంచి ఎనిమిదిదాకా అన్నారు, ఆరూ నలభైకే ఆగిపోయాయి. అడిగితే "సోలార్ మేడం" అని ఒకే జవాబు. కానీ బాత్‌రూములో పెద్ద నీలం టబ్బు ఒకటుంది, దాని కోసం అన్నీ క్షమించేశా. పిల్లలతో పోయేవాళ్ళు రూము చూసేటప్పుడు టీవీ కన్నా ముందు టబ్బుందా అని చూసుకోండి.

ఆ టబ్బే మా అక్వేరియం. సీసాల ఆట అందులోనే ఆడాం. ఖాళీ సీసా మూత బిగించి వదిలితే తేలింది, నిండుగా నింపితే అడుక్కి పోయింది. కొంచెం కొంచెంగా నీళ్ళు తీస్తూ పోతే ఒక దశలో పైకీ రాక, కిందికీ పోక నీళ్ళ మధ్య నిలబడింది. ఎన్నో సార్లు తప్పాక కుదిరింది. చేప కడుపులో గాలి తిత్తి చేసే పని ఇదేనని చెప్పా. పాప తన పొట్ట నిమురుకుని "నాకుందా?" అంది. చిన్నోడికి ఇదంతా పట్టలేదు. వాడు సబ్బు మునుగుతుందా, నాణెం మునుగుతుందా, జామాకు మునుగుతుందా అని వరసగా వేస్తూ, చివరికి నా చెప్పు కూడా వేశాడు.

తర్వాత మంచం మీద దుప్పటి పరిచి అట్టచేపలకు గాలం వేయించా. చిన్నోడికి ఏది పడినా సంతోషమే. పాపకు మాత్రం షరతులు: ఎర్రవే పట్టాలి, లేదా రెండు కలిపితే ఏడు కావాలి. చేపల మీద ముందే అంకెలు రాసిపెట్టా. ఈ వయసులో ఇద్దరికీ ఒకే ఆట పెట్టి, నియమాలు మాత్రం వేరుగా ఉంచితే పోట్లాట తగ్గుతుంది. పూర్తిగా పోదు. ఆఖర్న అత్త ఏడు చేపల కథ అందుకుంది. రాజుగారి కొడుకులు తెచ్చిన ఏడింటిలో ఒకటి ఎండలేదు కదా. మా ఆయన గడ్డిమోపు, నేను ఆవు, పాప చీమ. "ఎందుకెండలేదు?" అని అడిగే పని చిన్నోడిది. చీమ దగ్గరికి వచ్చేసరికి నిజంగానే గిల్లింది, ఏడుపులతో ఆట ముగిసింది.

మూడోరోజు మహానంది. నంద్యాల నుంచి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు, రోడ్డుకు అటూఇటూ అరటితోటలు, ఎదురుగా నల్లమల. ఇక్కడి కోనేటి గురించి అందరికీ తెలిసిందే. స్వామి కింద నుంచి ఊరే నీళ్ళు, అయిదడుగుల లోతైనా అడుగున పడిన నాణెం మీది బొమ్మ కనబడేంత తేట. ఊటనీళ్ళు కాబట్టి ఎండాకాలం చల్లగా, చలికాలం గోరువెచ్చగా ఉంటాయి. పిల్లలకు ఆ లోతు పనికిరాదు, మా ఆయన చంకనెత్తుకుని ముంచి తీశాడు. నీళ్ళలో కళ్ళు తెరిచి చూడమంటే పాప తెరిచింది. "అమ్మా, నేనిప్పుడు తొట్టిలో ఉన్నా" అంది.

దర్శనమయ్యాక, గుడి దాటి తోటల్లోకి పారే కాలవ గట్టున కూర్చున్నాం. మోకాలి లోతు లేదు. పాచి మధ్యలో వేలెడంత చేపపిల్లలు గుంపుగా, అన్నీ ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి నిలబడి ఉన్నాయి. పులిహోర మెతుకు వేస్తే ఒక్కసారి గుమిగూడి, నీడ పడితే ఒక్కసారి చెదిరిపోయేవి. తోసేవాళ్ళు లేరు, లైట్లు లేవు. "ఊరికే నీళ్ళు తాగుతానే ఉన్నాయే" అన్నాడు చిన్నోడు. నోట్లోకి పోయిన నీళ్ళు మొప్పల్లోంచి బయటికొస్తాయి, అదే వాటి ఊపిరి అని చెప్పి, మొప్ప ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కపెట్టమన్నా. పాప ఇరవై దాకా లెక్కపెట్టి, తన ఊపిరి లెక్కపెట్టుకుని, చేపే గెలిచిందని తేల్చింది. రెండు గంటలు కూర్చున్నాం. లేపింది పిల్లలు కాదు, కోతులు. పులిహోర పొట్లం ఎత్తుకుపోయాయి.

బేలం గుహలకు కూడా పోదామని మా ఆయన ఉబలాటం. 3,229 మీటర్ల గుహ, లోపల ఉక్క, మూడేళ్ళవాడిని ఎత్తుకుని నడవాలి. ఇంకో రెండేళ్ళు ఆగమన్నా.

తిరిగొచ్చాక కర్నూలులో చేపల తొట్లు అమ్మే అంగడికి పోయాం. నా లెక్కలో ఈ మొత్తం తిరుగుడులో కాలవ తర్వాతి స్థానం దీనికే, అందులోనూ పైసా టికెట్టు లేదు. పొద్దున పదకొండుకు పోతే అంగడాయన తీరిగ్గా ఉన్నాడు. పక్కపక్కన గాజుసీసాల్లో ఫైటర్ చేపలు, మధ్యలో అట్టముక్కలు. ఒక అట్ట తీసి చూపించాడు, రెండూ మొప్పలు విప్పి, తోకలు విచ్చుకుని ఒకదాన్నొకటి బెదిరించాయి. వెంటనే అట్ట పెట్టేశాడు. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయని చెప్పాడు. చిన్నోడు గుండ్రటి గాజుగిన్నె కావాలని మారాం చేస్తే, దానిలో గాలి తగిలే చోటు తక్కువ, చేప పాపం అని ఆయనే వద్దన్నాడు. ఖరీదైనది అమ్ముకోవడానికేమో అనుకున్నా గానీ ఒకటిన్నర అడుగుల మామూలు తొట్టే చూపించాడు. పెద్దదైపోతే సక్కర్ చేపను తుంగభద్రలోనో కేసీ కెనాల్లోనో వదలొద్దని, వద్దనుకుంటే తనకే తెచ్చిమ్మని కూడా చెప్పాడు. మన రాష్ట్రంలో చెరువులు, కాలవల్లో అవి ఇప్పటికే పెరిగి, జాలర్ల వలలు చింపుతున్నాయి.

తొట్టి కొన్నాం. చేపలు మాత్రం ఆరోజు ఇవ్వలేదాయన. కుళాయినీళ్ళలో క్లోరిన్ పోవాలి, మోటారు పెట్టి ఒక వారం నీళ్ళు తిరగనిచ్చి రండి అన్నాడు. ఖాళీ తొట్టి చూసి ఇద్దరూ మొహం వేలాడేశారు. నేను వంటింట్లో ఉండగా చిన్నోడు అట్టచేపలన్నీ తెచ్చి తొట్లో వేసేశాడు. తీసి, డాబా మీద ఎండకు పరిచాం. సాయంత్రానికి పందొమ్మిది ఎండాయి. ఇరవయ్యోది నీళ్ళ ట్యాంకు నీడలో పడి ఇంకా మెత్తగానే ఉంది. చిన్నోడు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని గబగబా మెట్లు దిగి జేజి ముందు నిలబడ్డాడు.

"ఎందుకెండలేదు?"

"గడ్డిమోపు అడ్డమొచ్చింది నాయనా" అంది జేజి, చిక్కుళ్ళు ఒలుస్తూ. వాడు గడ్డిమోపును వెతకడానికి మళ్ళీ డాబా ఎక్కాడు.