పాత చెక్క టీవీ త్రీడీ మోడల్: పెట్టె బాగుంది, తెరకు మాత్రం మరమ్మతు తప్పలేదు

1980ల నాటి మధ్యతరగతి తెలుగు ఇళ్ల గదులను బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో కట్టి రెండర్ చేసే (అంటే తుది బొమ్మలుగా మార్చే) పనిలో ఉన్నాను. ఆ గదుల కోసం కొన్న ఒక పాతకాలపు టీవీ మోడల్‌ను పగటి దృశ్యాల్లోనూ, రాత్రి దృశ్యాల్లోనూ చాలాకాలంగా వాడుతున్నాను. నాలుగు సన్నని కాళ్లు, చెక్క పెట్టె, కుడివైపు ఒకదాని కింద ఒకటిగా రెండు నాబ్‌లు, పైన రెండు కొమ్ముల ఏంటెనా. మొత్తం మీద 1960ల నాటి అమెరికన్ సెట్ పోలిక. అమ్మినవారి పేరు ఇక్కడ అవసరం లేదు.

పెట్టె పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. చెక్క నార పై పలక మీద అడ్డంగానూ, పక్క పలకల మీద నిలువుగానూ సాగుతుంది; రెండూ కలిసే మూలలో వెనీర్ (పైన అతికించే పల్చటి చెక్క పొర) అతుకు సన్నని గీతగా కనిపిస్తుంది. అంచులన్నిటినీ కొద్దిగా గుండ్రం చేయడం వల్ల కిటికీ వెలుతురు వాటి మీద సహజంగా జారుతుంది. నాబ్ చుట్టూ వేళ్లు తగిలి తగిలి నునుపెక్కినచోట మెరుపు వేరుగా ఉంటుంది. ఉపరితలం మీద పరిచే బొమ్మలు, అంటే టెక్స్చర్లు, 4కె నాణ్యతవి కావడంతో కెమెరాను బాగా దగ్గరకు తీసుకెళ్లినా చెక్క చెక్కలాగే ఉంటుంది.

చిక్కంతా తెర దగ్గరే వచ్చింది. మోడల్‌లో గాజు ఒకే పొర. బొమ్మను నేరుగా దాని మీదే అతికించారు. నిజమైన పిక్చర్ ట్యూబులో వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత మందపాటి గాజుకు లోపలివైపున ఉంటుంది కాబట్టి, పక్కనుంచి చూస్తే బొమ్మ కాస్త లోతున ఉన్నట్టు, గది ప్రతిబింబం మాత్రం పైన తేలుతున్నట్టు కనిపిస్తుంది. ఈ తేడా లేకపోతే అది టీవీలా కాక, వెనుక దీపం పెట్టిన పోస్టరులా ఉంటుంది. అందుకే గాజుకు మందం ఇచ్చి, వెలుగునిచ్చే పొరను విడిగా లోపల పెట్టుకున్నాను. అయితే బ్లెండర్‌లోని సైకిల్స్ అనే రెండర్ ఇంజిన్‌లో అలా చేయగానే గది చీకటిపడి, చుక్కలు చుక్కలుగా నాయిస్ వచ్చింది, ఎందుకంటే వెలుగును వెతుకుతూ వెళ్లే నీడ కిరణాలను గాజు అడ్డుకుంటుంది. కిరణం ఏ రకానిదో చెప్పే లైట్ పాత్ నోడ్ సాయంతో ఆ కిరణాలకు మాత్రం గాజును పారదర్శకం చేస్తే నాయిస్ చాలావరకు తగ్గిపోయింది.

రంగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. తెరకు శుద్ధమైన తెలుపు ఇచ్చారు గాని, నలుపు తెలుపు ట్యూబుల వెలుగు నీలివైపు మొగ్గుతుంది. గదిలో పసుపు బల్బు వెలుగుతున్న రాత్రి దృశ్యంలో ఆ నీలి ఛాయే గోడ మీద టీవీ ఉనికిని చెబుతుంది. బ్లెండర్ 4.0 నుంచి డిఫాల్టుగా వస్తున్న ఏజీఎక్స్ అనే రంగుల అమరిక మరీ ప్రకాశవంతమైన రంగులను తెలుపులోకి లాగుతుంది కాబట్టి, తెర ఎమిషన్ (స్వయంగా వెలుగునిచ్చే) బలాన్ని తక్కువగా ఉంచి, గది మీద పడే వెలుగు కోసం వేరే ఏరియా లైటు (పలక ఆకారపు దీపం) పెట్టడమే మేలు.

తెర మీద వీడియో నడపాలంటే ఇమేజ్ టెక్స్చర్ నోడ్‌లో, ఫ్రేము మారినప్పుడల్లా బొమ్మను మార్చే ఆటో రిఫ్రెష్‌ను టిక్ చేయాలి. మనదేశపు ప్రసారానికి తగ్గట్టు సెకనుకు 25 ఫ్రేములు పెట్టుకోవాలి. టీవీ బొమ్మలోని అడ్డగీతలను చూపేందుకు మోడల్‌తో వచ్చిన మాస్కును దగ్గరి షాట్లకే పరిమితం చేశాను. మన 625 గీతల పద్ధతిలో కనిపించేవి దాదాపు 576. రెండర్‌లో తెర ఎత్తు ఏ మూడు వందల పిక్సెళ్లో ఉన్నప్పుడు అన్ని గీతలు అందులో ఇమడవు, వాటి బదులు అలల్లాంటి పట్టీలు పుడతాయి.

ఇక మన ఇంటికి సరిపడేలా చేయడం. పై నాబ్ మీద 2 నుంచి 13 వరకు అంకెలు ఉన్నాయి, అవి అమెరికా ఛానెళ్లు. మన వీహెచ్ఎఫ్ ఛానెళ్లు 12తో ఆగిపోతాయి. 13ను చెరిపేసి, కింది యూహెచ్ఎఫ్ నాబ్‌ను వాల్యూమ్ నాబ్‌గా మార్చి, రెండు చదును పిన్నుల ప్లగ్‌కు గుండ్రటి పిన్నులు పెట్టాను. కొమ్ముల ఏంటెనాను తీసేసి, కిటికీలోంచి మేడ మీది ఏంటెనాకు వెళ్లే చదునైన రిబ్బన్ తీగను గీశాను. పక్కన స్టెబిలైజర్, ముందు జరిపే షట్టర్ తలుపులు కూడా చేర్చాక గాని గది మనదనిపించలేదు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది, ఈసీఐఎల్ వారి ఈసీ టీవీలు ఆ నగరంలోనే తయారయ్యేవి. ఆ సెట్లను కళ్లారా చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు, వారి కంటికి 13 అంకె ఇట్టే దొరికిపోతుంది.

చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. ఎఫ్‌బీఎక్స్ అనే త్రీడీ ఫార్మాట్‌లోని ఫైలు వంద రెట్లు పెద్దగా తెరుచుకుంటుంది. ఉపరితలపు ఎత్తుపల్లాలను భ్రమింపజేసే నార్మల్ మ్యాప్, బ్లెండర్ వాడే ఓపెన్‌జీఎల్ పద్ధతిలో కాక డైరెక్ట్‌ఎక్స్ పద్ధతిలో ఉండడంతో, ఆకుపచ్చ ఛానెల్‌ను తిరగేయకపోతే ఉబ్బెత్తు గీతలు గుంటల్లా కనిపిస్తాయి. స్పీకర్ జాలీలోని ప్రతి రంధ్రాన్నీ పాలిగాన్లతో (మోడల్‌ను కట్టే చిన్న పలకలతో) చెక్కారు, దూరపు షాట్లకు అంత భారం దండగ. వెనుక అట్టకు గాలి రంధ్రాలు గాని, ట్యూబు మెడ కోసం ఉండే ఉబ్బు గాని లేవు. మెకానిక్ సెట్టు విప్పే దృశ్యానికి ఇది పనికిరాదు.

గోడకు ఆనించి, ముందు నుంచి, మధ్య దూరంలో చూపించేవారు ఈ మోడల్‌ను నిస్సంకోచంగా కొనవచ్చు. తెర మీదే కథ నడిచేవారు మాత్రం కనీసం ఒక రోజు పని అదనంగా వేసుకోవాలి. కంపెనీ పేరు ఉండాల్సిన పట్టీని ఖాళీగా వదిలేశారు కాబట్టి, ప్రకటనల పనిలో వాడినా ట్రేడ్‌మార్క్ గొడవ లేదు.