రైఫిల్ కోసం లేజర్ రేంజ్‌ఫైండర్: పెట్టె మీది అంకెను చూసి కొనకండి

లేజర్ రేంజ్‌ఫైండర్, అంటే కాంతి కిరణంతో దూరం కొలిచే పరికరం, కొనాలనుకునే రైఫిల్ షూటర్లు అసలు అది తమకు అవసరమా అన్నది ముందుగా తేల్చుకోవాలి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల .22 రైఫిల్ పోటీలకు సాధన చేసేవారికి దానితో పని లేదు. అక్కడ దూరం ముందే కొలిచి ఉంటుంది. పైగా 10 మీటర్ల లేన్‌లో నిబంధనలు ఒప్పుకునే తేడా 5 సెంటీమీటర్లే కాగా, ఈ పరికరాలు చాలావరకు అర మీటరో మీటరో అటూ ఇటూగా చూపిస్తాయి. లేన్ సరిచూసుకోవడానికి టేపే మేలు. వేర్వేరు దూరాల్లో టార్గెట్లు నిలిపే పెద్ద రేంజిలో కాల్చేవారికి మాత్రం ఇది అక్కరకొస్తుంది. 50 మీటర్లకు జీరో చేసిన, అంటే ఆ దూరంలో గురి సరిగ్గా తగిలేలా సరిచేసిన, .22 రైఫిల్ తూటా 100 మీటర్లు చేరేసరికి దాదాపు జానెడు కిందికి దిగుతుంది కాబట్టి, కంటి అంచనా పది మీటర్లు తప్పినా ఆ తప్పు కాగితం మీద తెలిసిపోతుంది. వేట కోసం అడిగేవారికి నా దగ్గర సలహా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా ఆ ప్రస్తావనే అనవసరం.

నేను వాడుతున్న రైఫిల్ రకం పరికరాన్ని, విశాఖలోని ఒక మిత్రుడి గోల్ఫ్ రకం పరికరాన్ని పూసపాటిరేగ మండలం చింతపల్లి తీరంలో పక్కపక్కనే పెట్టి చూశాను. సరుగుడు చెట్ల వెనుక, టేపుతో కొలిచిన 120 మీటర్ల దగ్గర ఒక తెల్ల అట్ట నిలబెట్టాము. గోల్ఫ్ పరికరం ముందున్న కొమ్మను పట్టుకుని 38 అని చూపింది. అది దాని లోపం కాదు. వెనకనున్న చెట్లను వదిలి ముందున్న జెండా కర్రను పట్టడానికే దాన్ని తయారు చేశారు. దూరపు వస్తువుకు ప్రాధాన్యమిచ్చే మోడ్‌లో పెట్టిన రైఫిల్ పరికరం కొమ్మల సందుల్లోంచి అట్టను అందుకుని 120 చూపింది. తోటలు, తుప్పలు ఇంత దట్టంగా ఉండే మన ప్రాంతంలో ఈ మోడ్ లేని పరికరాన్ని నేను కొనను.

గోల్ఫ్ పరికరంతో ఇంతకన్నా పెద్ద చిక్కు వాలు లెక్కలో ఉంది. రామతీర్థం బోడికొండ అడుగు నుంచి 30 డిగ్రీల ఎత్తున, 200 మీటర్ల దూరంలో ఒక బండ ఉందనుకుంటే, రైఫిల్‌కు కావలసింది అడ్డంగా కొలిచే దూరం, అంటే 173 మీటర్లు. పైకి కాల్చినా కిందికి కాల్చినా ఈ దూరం తగ్గుతుందే తప్ప పెరగదు. గోల్ఫ్ లెక్క మాత్రం ఎత్తుకు కొట్టే బంతికి దూరాన్ని పెంచి చెబుతుంది. చవకగా వచ్చిందని దాన్ని తెచ్చి కొండ పైకి కాల్చేటప్పుడు వాడితే తూటా టార్గెట్ పైనుంచి పోతుంది.

ఇక పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే వెయ్యి సంగతి. చాలాసార్లు అది వెయ్యి గజాలు, అంటే 914 మీటర్లు. అదీ కాంతిని బాగా తిప్పికొట్టే బోర్డుల మీద కొలిచినప్పటి మాట. చెట్టుకు, జంతువుకు వర్తించే దూరాలు లోపలి కాగితంలో చిన్న అక్షరాలతో ఉంటాయి, కొనేముందు చదవవలసింది వాటినే. ఈ తరగతి పరికరాల్లో ఎక్కువ భాగం 905 నానోమీటర్ల పరారుణ కాంతిని పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగడతాయి. ఎండలోనూ అదే కాంతి ఉంటుంది కనుక మిట్టమధ్యాహ్నం అందే దూరం బాగా తగ్గి, తెల్లవారుజామున పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది కిరణం విప్పారే కొలత. 2 మిల్లీరేడియన్లు విప్పారితే 500 మీటర్ల దగ్గర దాని వెడల్పు మీటరు అవుతుంది, అప్పుడు చిన్న టార్గెట్‌తో పాటు దాని వెనకనున్న గట్టూ అందులో పడుతుంది.

ఆ కిరణం చాలా పరికరాల్లో గుండ్రంగా కాక సన్నని దీర్ఘచతురస్రంలా ఉంటుంది, అది ఎప్పుడూ అద్దంలో కనిపించే గుర్తు మధ్యనే ఉండాలని లేదు. దీన్ని ఊళ్లోని మంచినీళ్ల ట్యాంకు మీద పరీక్షించవచ్చు. ఆకాశం వైపు నుంచి గుర్తును మెల్లగా ట్యాంకు అంచుకు జరుపుతూ, అంకె ఎక్కడ మొదలవుతుందో నాలుగు వైపుల నుంచీ చూసుకోవాలి. నా పరికరం గుర్తుకు కుడివైపున ఉన్నదాన్ని కొంచెం ముందుగానే అందుకుంటుంది. ఆ సంగతి తెలిశాక చిన్న టార్గెట్లకు గుర్తును కాస్త ఎడమకు పెడుతున్నాను.

మిగిలినవి చిన్న విషయాలు. నల్ల అంకెల డిస్‌ప్లే పగలు చక్కగా ఉండి, పొద్దు వాలాక చీకటి చెట్ల మీద కనిపించదు. ఎర్ర అంకెలవి ధర ఎక్కువైనా మేలు. కొనగానే గజాల నుంచి మీటర్లకు మార్చుకోవాలి, ఎందుకంటే 300 గజాలను 300 మీటర్లుగా చదివితే తేడా 26 మీటర్లు. బ్యాటరీ చాలావాటికి సీఆర్2 రకం. విజయనగరంలో అది కావాలని అడిగితే దుకాణదారు "ఇదే కదండీ" అంటూ సీఆర్2032 బిళ్ల చేతిలో పెట్టారు. కాబట్టి పరికరంతో పాటే రెండు అదనంగా తెప్పించుకోవాలి, లేదా యూఎస్‌బీతో ఛార్జ్ చేసుకునే రకం ఎంచుకోవాలి. ఉప్పుగాలి తగిలే చోట వాడేవారు వాన జల్లును మాత్రమే తట్టుకునేదాన్ని కాక నీట మునిగినా చెడనిదాన్ని తీసుకుని, వాడనప్పుడు బ్యాటరీ తీసి ఉంచాలి.