ఆయిల్ లీక్ పట్టే యూవీ టార్చ్, రంగు సీసా: మూడేళ్లు వాడాక

మా ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో. కారు పెట్టేది ఇంటి ముందు గచ్చు మీద, ముగ్గు వేసే చోటికి రెండడుగుల దూరంలో. మూడేళ్ల కిందట ఒక రోజు పొద్దున్నే నీళ్లు చల్లబోయిన మా ఆవిడ కేకేసింది. "ఏమండీ, మీ కారు కూడా చుక్కలు పెడతా ఉంది, చూడండి" అని. చూస్తే నిజంగానే రూపాయి బిళ్లంత నల్ల చుక్కలు నాలుగు.

2012 మోడల్ పెట్రోల్ బండి. అప్పటికి లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. వేలితో తాకితే జిగటగా, నల్లగా ఉంది. ఏసీ నీళ్లు కాదు, కూలెంటూ కాదు. ఇంజిన్ ఆయిలే. ఆయిల్ మట్టం చూసే గేజ్ తీసి చూస్తే, నెల కిందట పై గీత దాకా ఉన్నది రెండు గీతల మధ్యకు దిగింది.

ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే ర్యాంప్ ఎక్కించి, ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోట తడి చూపించారు. "క్రాంక్ వెనక ఆయిల్ సీల్ పోయింది సార్, గేర్‌బాక్స్ దించాల్సిందే" అన్నారు. క్రాంక్ అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగే ఆ సీల్. సీల్ ఖరీదు తక్కువే, దించి ఎక్కించే కూలీతో కలిపి తొమ్మిది వేలు దాటింది. ఆలోచించి చెప్తానని వచ్చేశాను. ఆ వారమే ఆన్‌లైన్‌లో దాదాపు తొమ్మిది వందలు పెట్టి ఈ కిట్ కొన్నాను. చిన్న సీసాలో రంగు, ఒక యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్, పసుపు కళ్లజోడు, అంతే.

రంగును ఇంజిన్ ఆయిల్‌లో కలిపి బండి తిప్పాలి. ఆయిల్ ఎక్కడ బయటికొస్తే రంగూ అక్కడే వస్తుంది. పగలు ఏమీ తెలియదు. చీకట్లో ఆ టార్చ్ వేసి, కళ్లజోడు పెట్టుకుని చూస్తే నిమ్మపండు రంగులో మెరుస్తుంది.

మొదటిసారి నేను చేసిన తెలివితక్కువ పని, ఇంజిన్ కడగకుండానే రంగు పోయడం. పదేళ్ల జిడ్డు మీద కొత్త ఆయిల్ పాకి, ఇంజిన్ కింది సగమంతా పెళ్లింటి సీరియల్ లైట్లలా మెరిసింది. ఎక్కడ మొదలైందో తెలిస్తే ఒట్టు. రేణిగుంట రోడ్డులో నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. ఫోటో చూపిస్తే నవ్వాడు. "ముందు మొగం కడగాల సామీ, బొట్టు తర్వాత పెట్టుకోవచ్చు" అన్నాడు. ఈ కిట్లు రాకముందు అతను ఇంజిన్ తుడిచి, ఇంజిన్ భాగాలు కలిసే చోట ఆయిల్ కారకుండా వేసే ప్యాకింగ్‌ల అంచుల మీద మొహానికేసుకునే పౌడర్ చల్లి బండి స్టార్ట్ చేసేవాడట. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ గీత ఇట్టే తెలిసిపోతుంది.

ఇంజిన్ బాగా చల్లారాక ఆల్టర్నేటర్‌కూ కాయిల్స్‌కూ ప్లాస్టిక్ కవర్లు చుట్టి, డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, నీళ్లు మెల్లగా పోసి కడిగాం. పూర్తిగా ఆరేదాకా ఆగాం.

ఊళ్లో లీలామహల్ సర్కిల్ దాకా వెళ్లొస్తే ఇలాంటి చిన్న లీకులు దొరకవు. ఇంజిన్ బాగా కాగి, ఆయిల్ పల్చబడాలి. మనకా ఇబ్బంది లేదు, కొండ ఇంటి ముందరే ఉంది. అలిపిరి నుంచి రెండో ఘాట్ రోడ్డులో, అంటే 1974లో తెరిచిన ఎక్కే రోడ్డులో, ఎక్కువ భాగం రెండో గేర్లోనే ఎక్కించాను. పైన కాసేపు ఆగి, 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో దిగొచ్చాను. దర్శనం కాలేదు, కారుకు పరీక్ష మాత్రం అయింది.

రాత్రి లైట్లన్నీ ఆపి బానెట్ ఎత్తాను. గేర్‌బాక్స్ హౌసింగ్ కింద ఒక చుక్క పచ్చగా వేలాడుతోంది. సర్వీస్ సెంటర్ వాళ్లు చూపించిన చోటే. టార్చ్‌ను అక్కణ్నుంచి అంగుళం అంగుళం పైకి జరిపాను. సన్నటి గీత ఒకటి ఇంజిన్ బ్లాక్ చివర నిలువుగా పాకి, ఒక వైర్ల గుత్తి వెనకాల దాక్కుని, మళ్లీ బయటపడి, చివరికి ఇంజిన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ మూల దగ్గర ఆగింది. దానికి పైన అంతా పొడి. ఆ మూలలో ప్యాకింగ్ గట్టిపడి, గోరుతో నొక్కితే పెళుసుగా విరిగింది. ఆయిల్ పైన కారి కిందికి జారుతుంది, పోయే గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. అందుకే చుక్క రాలే చోటు చూసి తీర్పు చెప్పకూడదు. తడి ఉన్న చోట్లలో అన్నిటికంటే పైనున్నది ఏదో చూడాలి. ప్యాకింగూ కూలీ కలిపి ఎనిమిది వందల లోపే అయింది. గేర్‌బాక్స్ దించలేదు.

ఇక్కడికి కిట్‌కు పదికి తొమ్మిది మార్కులు వేసేవాణ్ని. కానీ ఎనిమిది నెలలకు అదే మూల మళ్లీ చెమర్చింది. టార్చ్ వేస్తే అదే గీత. ఎక్కడ కారుతోందో ఈ కిట్ చెప్తుంది, ఎందుకు కారుతోందో చెప్పదు. ఇది నాకు అప్పుడే తెలిసొచ్చింది. మెకానిక్ ఈసారి ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ ముక్క పరిచాడు. బాగున్న ఇంజిన్‌లో అది కొద్దిగా లోపలికి లాక్కోవాలి. మాది పూరీలా పొంగింది. పీసీవీ వాల్వ్ జిగురు పట్టి మూసుకుపోయింది. పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగే గ్యాస్‌ను ఆ వాల్వ్ మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపాలి. దారి మూసుకుంటే ఆ ప్రెషర్ ఎక్కడ ప్యాకింగ్ బలహీనంగా ఉంటే అక్కణ్నుంచి ఆయిల్‌ను తోస్తుంది. కొత్త వాల్వ్ వేసి, ప్యాకింగ్ మళ్లీ మార్చాం. రెండేళ్లు దాటింది, గచ్చు మీద ఒక్క చుక్క లేదు. మొదటిసారే ఆ మూత తీయమని అడిగి ఉంటే ఒక ప్యాకింగ్ డబ్బులు మిగిలేవి.

ఆ తర్వాత మరో రెండు బండ్లకు వాడాను. చిత్తూరులో మా బావమరిది వ్యానుకు ఆయిల్ ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించారు. రెండు నిమిషాల్లో దొరికింది. పక్కింటాయన కారులో మాత్రం నేనే మోసపోయాను. పచ్చగా మెరుస్తోందని గొప్పగా చూపించాను, తీరా అది కూలెంట్. చాలా కూలెంట్లలో మెరిసే రంగు ముందే ఉంటుంది. కాబట్టి ఏదైనా మెరిస్తే తుడిచి, వేళ్ల మధ్య రుద్ది చూసుకోండి.

ఇబ్బందులూ ఉన్నాయి. టార్చ్ వెలుగు తరంగదైర్ఘ్యం 395 నానోమీటర్లు. దాని వెలుగులో ఊదా రంగు ఎక్కువ, గీత సన్నగా ఉంటే అందులో కలిసిపోతుంది. 365 ది కొంటే నయం, ధర ఎక్కువైనా సరే. చిన్న బ్యాటరీలు తొందరగా డల్ అవుతాయి. కళ్లజోడు కాడ ఆరు నెలలకే ఊడింది, రబ్బరు బ్యాండుతో కట్టుకున్నాను. రంగు చొక్కాకు అంటితే వదలదు. రిపేరు అయ్యాక ఇంజిన్ మళ్లీ కడగాలి, లేకపోతే పాత గీతే కనబడి లేనిపోని టెన్షన్. గేర్‌బాక్స్ లోపల దాగిన సీల్ నిజంగా పోతే ఈ వెలుగు అక్కడికి చేరదు. ఆయిల్ బయటికి కారకుండా ఇంజినే లోపల దాన్ని కాల్చేస్తుంటే దీంతో పనే లేదు. ఇంకొకటి, కింద చూడాలని జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. స్టాండ్లు పెట్టుకోండి, లేదంటే ర్యాంప్ ఉన్న షెడ్డుకే పోండి.

మొత్తానికి పదికి ఏడు. సీసాలో రంగు ఇంకా సగం ఉంది. టార్చ్ మాత్రం ఇప్పుడు నా దగ్గర లేదు. తేళ్లు కూడా ఈ వెలుగులో పచ్చగా మెరుస్తాయని ఒకసారి మాటల్లో మా మామతో అన్నాను. పూతలపట్టు దగ్గర మామిడి తోటలో రాత్రిపూట మోటారు వేయడానికి పోయేటప్పుడు దాన్ని ఆయనే తీసుకెళ్తున్నాడు. పోయిన నెల స్టార్టర్ పెట్టె కింద ఒకటి దొరికిందట.